మారుతి డిజైర్ కొనాలంటే: పాత బండి టాప్ మోడలా, కొత్త బండి బేస్ మోడలా?

మా తమ్ముడు ఖమ్మంలో ఉంటాడు. ఇద్దరు చిన్న పిల్లలు, అమ్మానాన్నలు కూడా వాడి దగ్గరే. నెలకు రెండుసార్లయినా సూర్యాపేట మీదుగా హైదరాబాద్ రావాలి. ఈ మధ్య ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, 2022 డిజైర్ జెడ్ఎక్స్ఐ ప్లస్ ఒకటి ఉంది. సింగిల్ ఓనర్. ఆరు లక్షల డెబ్బై వేలు అడుగుతున్నారు. ఇంకో డెబ్బై, ఎనభై వేలు వేసుకుంటే కొత్త ఎల్ఎక్స్ఐ వస్తోంది. ఏది తీసుకోమంటావ్?" జెడ్ఎక్స్ఐ ప్లస్ అంటే డిజైర్‌లో టాప్ వేరియంట్, ఎల్ఎక్స్ఐ అంటే అన్నిటికన్నా కింది బేస్ వేరియంట్.

నేను 2013 డీజిల్ డిజైర్‌ను పదేళ్లు నడిపాను. ఆ బండి అంటే ఇప్పటికీ ఇష్టమే. అయినా వాడికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. డిజైర్ పేరు ఒకటే కానీ ఆ పేరుతో ఇప్పటికి నాలుగు వేర్వేరు బండ్లు వచ్చాయి. ఏ తరం బండి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకుండా ధరలు పోల్చితే లెక్క తప్పుతుంది.

మొదటిది 2008 మార్చిలో వచ్చిన స్విఫ్ట్ డిజైర్. స్విఫ్ట్‌కు వెనక డిక్కీ అతికించినట్టు ఉండేది. పొడవు 4160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. డిక్కీ విషయంలో తర్వాత వచ్చినవేవీ దాన్ని అందుకోలేదు. కానీ తొలి బండ్లకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు కొంటే ఫిట్‌నెస్, ఆర్‌సీ రెన్యూవల్, గ్రీన్ ట్యాక్స్ అన్నీ చూసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు ఆర్‌సీ రెన్యూవల్ ఫీజే 5 వేల రూపాయలు. డ్రైవింగ్ నేర్చుకోవడానికి తప్ప ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరగడానికి ఈ తరాన్ని నేను ఎవరికీ చెప్పను.

రెండోది 2012 ఫిబ్రవరిలో వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజిన్ ఉన్న కార్లకు కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించింది. ఆ లాభం అందాలంటే బండి పొడవు తగ్గక తప్పదు. అందుకే దీన్ని 3995 మిల్లీమీటర్లకు కుదించారు, డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. నా బండి ఇదే. అందులోని 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ ఫియట్ డిజైన్. టాటా, షెవర్లే బండ్లలోనూ అదే ఉండేది కాబట్టి మెకానిక్‌లు దాన్ని ముద్దుగా 'నేషనల్ ఇంజిన్' అనేవారు. హైవే మీద దాని లాగుడు ఒక ఆనందం. కానీ ఈ తరం కొనేవాళ్లు ఒకటి గమనించాలి. కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఓనర్ ఎంత బాగా చూసుకున్నా ఆ లోటు తీరదు.

మూడోది 2017 మేలో వచ్చింది. పేరులోంచి 'స్విఫ్ట్' పోయి ఉత్త డిజైర్ అయింది. కొత్త ప్లాట్‌ఫామ్ (బండి అడుగు నిర్మాణం) వల్ల బరువు 85 నుంచి 105 కిలోల దాకా తగ్గింది. డిక్కీ 378 లీటర్లకు పెరిగింది, వెనక కూర్చునేవాళ్లకు ఏసీ వెంట్లు వచ్చాయి. అన్ని వేరియంట్లలోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెట్టారు. 2020 మార్చిలో పెట్రోల్ ఇంజిన్ మారింది. పాతది 83 పీఎస్ శక్తి ఇస్తే, కొత్త డ్యూయల్ జెట్ ఇంజిన్ 90 ఇచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రావడంతో డీజిల్ డిజైర్ శకం ముగిసింది. 2022 మార్చిలో సీఎన్‌జీ వచ్చింది.

నాలుగోది 2024 నవంబర్ 11న వచ్చింది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇంజిన్ ఒక్కటే చూస్తే పాతదే మేలని నేను నిజాయితీగా చెబుతాను. 2020 నుంచి 2024 దాకా వచ్చిన పెట్రోల్ డిజైర్‌ది నాలుగు సిలిండర్ల ఇంజిన్. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ నడుస్తోందా లేదా అన్నంత నెమ్మదిగా ఉంటుంది. కొత్త బండిది మూడు సిలిండర్ల ఇంజిన్, శక్తి 82 పీఎస్. ఏసీ వేసి ఖాళీగా నిలబెడితే సన్నని వణుకు తెలుస్తుంది. ఓవర్‌టేక్ కోసం గట్టిగా తొక్కినప్పుడు పాత ఇంజిన్‌లో ఉన్న హుషారు ఇందులో కనిపించదు. ఊళ్లో రెండో గేరు, మూడో గేరులో తిరిగేవాళ్లకు మాత్రం కొత్తది హాయిగా ఉంటుంది. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్‌లో 2020 నాటి 23.26 నుంచి 24.79కి పెరిగింది. రోడ్డు మీద రెండూ అంతకన్నా తక్కువే ఇస్తాయి. ఈ తేడా చూసి బండి మార్చాల్సిన పని లేదు.

ఇక సౌకర్యాలు. జెడ్ఎక్స్ఐ ప్లస్ అంటే అల్లాయ్ వీల్స్, టచ్ స్క్రీన్, ఆటోమేటిక్ ఏసీ, పుష్ బటన్ స్టార్ట్. కొత్త ఎల్ఎక్స్ఐ ఎక్కితే డ్యాష్‌బోర్డు బోసిగా కనిపిస్తుంది. టచ్ స్క్రీన్ లేదు, వెనక ఏసీ వెంట్లు లేవు, చక్రాలు మామూలు 14 అంగుళాల ఇనుపవి. ఏడు లక్షల పైన పెట్టి ఇంత సాదా బండా అని ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. తమ్ముడికీ అదే బాధ. "మా ఆవిడ ఆ పాత బండి లోపల చూసి ముచ్చటపడింది అన్నా" అన్నాడు.

ఇప్పుడు కంటికి కనపడనిది చూద్దాం. మూడో తరం డిజైర్, అప్పటి స్విఫ్ట్ ఒకే ప్లాట్‌ఫామ్ మీద తయారయ్యాయి. ఆ స్విఫ్ట్‌ను 2018లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూస్తే పెద్దల భద్రతకు 2 స్టార్లే వచ్చాయి, బాడీ నిర్మాణం నిలకడగా లేదని తేల్చారు. కొత్త డిజైర్‌కు అదే సంస్థ 2024లో 5 స్టార్లు ఇచ్చింది. పెద్దల భద్రతలో 34కు 31.24 పాయింట్లు, పిల్లల భద్రతలో 4 స్టార్లు. మరుసటి ఏడాది మన భారత్ ఎన్‌క్యాప్‌లోనూ 5 స్టార్లు వచ్చాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ ఎల్ఎక్స్ఐ నుంచే ఉన్నాయి. తమ్ముడు చూసిన జెడ్ఎక్స్ఐ ప్లస్ ఎంత ఖరీదైన వేరియంట్ అయినా అందులో ఉన్నవి రెండే ఎయిర్‌బ్యాగులు.

ఈఎస్‌పీ అంటే చాలామంది ఏదో అదనపు హంగు అనుకుంటారు. వానలో తడిసిన మలుపు దగ్గర అడ్డంగా గేదె వచ్చిందనుకోండి. మనం ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పేస్తాం. బండి వెనక భాగం జారిపోతుంది. అప్పుడు ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో బండే చూసుకుని మళ్లీ దారిలో పెడుతుంది. రాత్రిపూట మన హైవేల మీద లైట్లు లేకుండా ఆపిన లారీల పక్క నుంచి వెళ్లినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు.

టచ్ స్క్రీన్, కెమెరా, సీటు కవర్లు, అల్లాయ్ వీల్స్ ఆరు నెలల తర్వాతైనా బయట వేయించుకోవచ్చు. పక్క ఎయిర్‌బ్యాగులు, గట్టి బాడీ ఏ షెడ్డులోనూ వేయరు. పిల్లలతో హైవే మీద తిరిగే ఇంటికి కొత్త బేస్ మోడలే మేలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదొక్కటే. మిగతావన్నీ దీని తర్వాతే.

డబ్బు లెక్క కూడా ఇప్పుడు మారిపోయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద 28 శాతం జీఎస్‌టీ, దాని మీద సెస్సు పోయి 18 శాతం అయింది. డిజైర్ ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధర 6 లక్షల 79 వేలతో మొదలై, ఈ తగ్గింపుతో 6 లక్షల 26 వేల దగ్గరికి దిగింది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఆన్‌రోడ్ ఏడు లక్షలు దాటుతుంది, అది నిజమే. సెకండ్ హ్యాండ్ బండికి లైఫ్ ట్యాక్స్ ముందే కట్టేసి ఉంటుంది కాబట్టి అక్కడ మిగులు ఉంది. కానీ కొత్త బండి ధర దిగాక పాత బండి ధర కూడా దిగాలి. అమ్మేవాళ్లు చాలామంది ఇంకా పాత ధరల లెక్కలోనే అడుగుతున్నారు. బేరంలో ఈ మాట తప్పకుండా ఎత్తండి.

ఇంకో చిట్కా. అమ్మేవాళ్ల ఇన్సూరెన్స్ కాగితం అడిగి అందులో ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ, ఎంతుందో చూడండి. మోటార్ టారిఫ్ ప్రకారం రెండేళ్లు దాటిన బండికి 30 శాతం, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు తీస్తారు. అంటే కొత్తలో ఎనిమిది లక్షలున్న బండికి నాలుగో ఏట ఐడీవీ 4 లక్షల 80 వేలు. మీరు ఆరున్నర లక్షలు పెట్టి కొన్నాక ఖర్మ కాలి బండి పోతే, కంపెనీ ఇచ్చేది ఐడీవీని బట్టే. ఆ పై డబ్బు మీకు రాదు. పైగా సెకండ్ హ్యాండ్ బండి లోన్‌కు వడ్డీ కొత్త బండి కంటే ఎక్కువ పడుతుంది. ఈఎంఐ వేసి చూస్తే రెండింటికీ నెలకు తేడా మనం అనుకున్నంత ఉండదు.

పెట్రోల్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో దీనికి తట్టుకునే పైపులు, సీళ్లు వేస్తున్నారు. అంతకు ముందువాటిలో రబ్బరు భాగాల మీద కాస్త కన్నేసి ఉంచాలి. మూడో తరమే కావాలనుకుంటే 2023 ఏప్రిల్ తర్వాతిది దొరుకుతుందేమో వెతకండి.

పాతది కొనవద్దని నేను అనడం లేదు. బడ్జెట్ ఐదు లక్షలు దాటదు, తిరిగేది ఎక్కువగా ఊళ్లోనే, రోజూ ఆఫీసుకు ఒక్కరే వెళ్తారు అంటే 2020 తర్వాతి మూడో తరం పెట్రోల్ బండి నా మొదటి ఎంపిక. చిన్న కుటుంబానికి అంత కుదురైన సెడాన్ ఆ ధరలో అరుదు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు అయితే ఒకప్పుడు డీజిల్ వెతుక్కునేవారు. ఇప్పుడు దారిలో పంపులు ఉంటే సీఎన్‌జీ మేలు. కొత్త సీఎన్‌జీ డిజైర్ కిలోకు 33.73 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ లెక్క. అయితే సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. పండక్కి నలుగురి సామాను సర్దాలంటే పైన క్యారియర్ కట్టుకోవాల్సిందే. సీఎన్‌జీ మధ్య వేరియంట్లయిన వీఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐలలోనే దొరుకుతుంది, ఎల్ఎక్స్ఐలో లేదు.

పాత డిజైర్ కొనేవాళ్లకు ఉండే అసలు టెన్షన్ ఇంజిన్ గురించి కాదు, ట్యాక్సీ గురించి. మన దగ్గర ట్యాక్సీగా డిజైర్ తిరిగినంతగా ఏ సెడానూ తిరగలేదు. మా బావగారు కొన్నేళ్ల క్రితం ఒక డీలర్ దగ్గర తెల్ల నంబర్ ప్లేటు డిజైర్ కొన్నారు. మీటర్ మీద అరవై వేల కిలోమీటర్లు. మూడు నెలలకే క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ వరసగా పోయాయి. తర్వాత ఆరా తీస్తే అది పసుపు ప్లేటు మీద తిరిగి ప్రైవేటుకు మారిన బండి, మీటర్ కూడా తిప్పేశారు. ట్యాక్సీని ప్రైవేటుకు మార్చడం తప్పు కాదు. ఆ సంగతి దాచడమే మోసం.

దాన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. 2017లో మూడో తరం వచ్చాక కూడా రెండో తరం బండిని టూర్ ఎస్ పేరుతో ట్యాక్సీల కోసం 2023 దాకా అమ్మారు. కాబట్టి ఆర్‌సీలో 2019 అని ఉండి, బండి ముఖం మాత్రం రెండో తరానిదైతే అది టూర్ అని దాదాపు ఖాయం. వాటికి గంటకు 80 కిలోమీటర్ల దగ్గర స్పీడ్ కట్ కూడా ఉండేది. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి వాహనం తరగతి ఏమిటో, ఎన్నో ఓనరో చూడండి. సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబర్ చెప్పి సర్వీస్ హిస్టరీ తీయించండి. చివరిసారి సర్వీస్ అయినప్పటి రీడింగ్ కన్నా ఇప్పటి మీటర్ తక్కువ చూపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి పాలిష్ చేసి అమ్మితే పైకి ఏమీ తెలియదు. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద మరక కనిపిస్తుంది. స్టెప్నీ తీసి దాని కింద తుప్పు ఉందేమో వెతకండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే, లోన్ తీరిపోయిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రానిదే మొత్తం డబ్బు ఇవ్వొద్దు. బండి మీ పేరుకు మారిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కూడా మార్పించుకోవాలి. పాత ఓనర్‌కు క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది.

తమ్ముడు చూసిన 2022 బండి హిస్టరీ తీయించాం. ఏ మచ్చా లేదు, నిజంగానే బాగా చూసుకున్నారు. అందుకే వాడు రెండు రోజులు ఊగాడు. ఆదివారం షోరూమ్‌కు నాన్నను కూడా తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఎండలో పది నిమిషాలు తిరిగాక నాన్న అడిగింది ఒక్కటే, వెనక్కి గాలి రాదా అని. ఎల్ఎక్స్ఐ వద్దనుకుని, ఈఎంఐ గడువు ఒక ఏడాది పెంచుకుని, దాని పై మెట్టు, వెనక ఏసీ వెంట్లున్న వీఎక్స్ఐ బుక్ చేశాడు.