నాలుగేళ్ల నియోమట్: ఆ ఆరు రోజుల ప్రశాంతత

మెయిల్ ప్రోగ్రాములన్నీ చెత్తే, ఇది కాస్త తక్కువ చెత్త అని మట్ గురించి 1995 ప్రాంతంలోనే దాన్ని రాసిన మైకేల్ ఎల్కిన్స్ ఒప్పేసుకున్నాడు. ఆ మట్ నుంచి చీలి వచ్చి, టెర్మినల్ అనే నల్లటి కిటికీలో మీటలతోనే నడిచే నియోమట్‌ను నేను నాలుగేళ్లుగా రోజూ వాడుతున్నాను. మీటలు, రంగులు, సైడ్‌బారు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నాకు చెప్పాలని ఉన్నది దాని నిశ్శబ్దం గురించే. దాన్ని చూసే ఇష్టపడ్డాను. కొంప ముంచబోయింది కూడా అదే.

నాది ఇంట్లో కూర్చుని పుస్తకాలకు ప్రూఫులు దిద్దే పని. బ్రౌజరులో మెయిలు తెరిచి ఉంచిన రోజుల్లో పేజీకి రెండుసార్లు టింగుమనేది. అది చూసి వచ్చేసరికి ఏ లైనులో ఆగానో మర్చిపోయేవాణ్ణి. నియోమట్ నోరెత్తదు. చెప్పిన వేళకు చెప్పిన పని చేసే క్రాన్ పది నిమిషాలకోసారి లేచి, మెయిళ్లు తెచ్చే ఎంబీసింక్‌ను నడుపుతుంది. అది సర్వరులో ఉన్నదంతా నా డిస్కులోని మెయిల్‌డిర్ అనే ఫోల్డరులోకి దించుతుంది, వెతికిపెట్టే నాట్‌మచ్ దానికి ఇండెక్సు కడుతుంది. తీరిక దొరికినప్పుడు నేను వెళ్లి చూసుకుంటాను. నెట్ పోయినా పన్నెండేళ్ల మెయిళ్లు నా దగ్గరే ఉంటాయి, ఏ పేరు వెతికినా రెప్పపాటులో దొరుకుతుంది. మొదటి ఏడాదంతా కనిపించిన ప్రతివాడి దగ్గరా ఇదే ఊదరగొట్టాను.

రెండో ఏడాది దసరా సెలవులకు ముందు ఆదివారం, ఎవరో నా ఖాతాలోకి దూరాలని చూస్తున్నారన్న హెచ్చరిక వచ్చింది. భయపడి అసలు పాస్‌వర్డ్ మార్చేశాను. పని అయిపోయిందనుకున్నాను. ఎంబీసింక్ లాంటి బయటి ప్రోగ్రాముల కోసం విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది. అసలుది మార్చగానే అది కూడా రద్దయిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు.

సోమవారం ఒక్క మెయిలూ రాలేదు. మంగళవారమూ అంతే. పండగ కదా, అందరూ ఊళ్లకు పోయుంటారనుకున్నాను. బుధవారం నాటికి నాకు ఆ ప్రశాంతత రుచి మరిగింది. "ఏంటి, ఈ మధ్య ఇంత తీరిగ్గా ఉన్నారు?" అని మా ఆవిడ అడిగితే, మెయిలును మన అదుపులో పెట్టుకుంటే ఇలాగే ఉంటుందని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ వారంలో నేను ఒక్క మెయిలు పంపి ఉన్నా గుట్టు బయటపడేది. పంపే పని చూసే ఎంఎస్ఎంటీపీ, పాస్‌వర్డ్ తప్పయితే అక్కడికక్కడే ఎర్రర్ చూపిస్తుంది. సెలవుల్లో ఎవరికి రాస్తాం?

ఆరో రోజు పబ్లిషరు ఫోన్ చేశారు. "ఏమండీ, మూడు మెయిళ్లు పెట్టాం, ఉలుకూ పలుకూ లేదు. ప్రెస్సు వాళ్లు ప్లేట్లు చేసేస్తామంటున్నారు, మీ చివరి ప్రూఫు ఏదీ?" నాకు చెమటలు పట్టాయి. చేత్తో ఎంబీసింక్ నడిపితే లాగిన్ కుదరలేదని ఒక్క ముక్కలో చెప్పింది. కొత్త యాప్ పాస్‌వర్డ్ పెట్టగానే నలభై ఒక్క మెయిళ్లు బిలబిలమంటూ దిగాయి. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని ప్రూఫు పంపాను. పుస్తకం ఆగలేదు, నా పరువే కాస్త పోయింది.

ఇంతకీ ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. క్రాన్ తన పనిలో తేడా వస్తే మనకు ఉత్తరం రాస్తుంది. అది బయటికి పోదు, మన కంప్యూటరులోనే ఉండే లోకల్ పెట్టెలో పడుతుంది. ఆ ఆరు రోజుల్లో అలా ఐదు వందల చిల్లర ఉత్తరాలు రాసింది, పాపం. నేను టెర్మినల్ వాడుతున్నంతసేపూ మీకు కొత్త మెయిలు వచ్చిందన్న లైను కనబడుతూనే ఉంది. అది నా మెయిలు గురించి అనుకోలేదు, లినక్స్ ఏదో గొణుక్కుంటోందిలే అనుకున్నాను.

తప్పు నియోమట్‌ది కాదు, నిజమే. దానికి తెలిసింది డిస్కులో ఉన్నది చూపించడమే. కానీ తెచ్చేది ఒకటి, పంపేది ఒకటి, వెతికేది ఒకటి, చూపేది ఇంకొకటి అయినప్పుడు, తెచ్చేవాడు పడిపోతే చూపేవాడికి తెలియదు. మెయిలు లేకపోవడమూ, మెయిలు రాకపోవడమూ తెరమీద ఒకేలా ఉంటాయి. నేను మొదట్లో పొగిడిన ప్రశాంతతలో సగం ఇదే.

తర్వాత క్రాన్ తీసేసి, అదే పని చేసే లినక్స్‌లోని సిస్టమ్‌డి టైమరు పెట్టుకున్నాను. సింక్ విఫలమైతే మరో సర్వీసును లేపే ఏర్పాటు అందులో ఉంది, అది తెరమీద నోటిఫికేషన్ వేస్తుంది. నోటిఫికేషన్లు పడలేకే కదా ఇక్కడికొచ్చాను! మా వీధిలో కరెంటు పోయి రౌటరు ఆగిన ప్రతిసారీ అది మొత్తుకునేసరికి, వరసగా మూడుసార్లు విఫలమైతేనే చెప్పమని సవరించాను. అప్పటి నుంచి పెద్దగా టెన్షన్ లేదు.

తెలుగులో మెయిళ్లు రాసేవాళ్లకు ఒక మాట. ఎక్స్‌టెర్మ్ అనే పాత టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి చూడబుద్ధి కాదు. టెర్మినల్ మార్చినా సబ్జెక్టుల వరస ఇప్పటికీ అక్కడక్కడా వంకర పోతుంది. రాయడానికి నేను జీఎడిట్ అనే ఎడిటరు పెట్టుకున్నాను. రాయడం అయ్యేదాకా ఆగమని చెప్పే హైఫన్ డబ్ల్యూను దాని పక్కన పెట్టడం మర్చిపోతే, జీఎడిట్ ముందే తెరిచి ఉన్నప్పుడు మీరు అక్షరం కొట్టకముందే ఉత్తరంలో మార్పేమీ లేదని నియోమట్ రద్దు చేసేస్తుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

అటాచ్‌మెంట్ మర్చిపోయామా అని అడిగే ఏర్పాటులో 'జత' అన్న తెలుగు ముక్క చేర్చుకోవచ్చు. ప్రూఫు జతచేశానని రాసి ఫైలు పెట్టకుండా పంపబోతే ఆపి అడుగుతుంది. దీనివల్ల ఎన్నిసార్లు బతికిపోయానో. ఒకసారి మా తమ్ముడికి చెప్పుల జత గురించి రాస్తే అప్పుడూ అడిగింది.

నేనైతే దీన్ని వదలను. నాకున్నది ఒకే ఖాతా, పాత ల్యాప్‌టాప్, వచ్చేవి ఎక్కువగా మామూలు అక్షరాల మెయిళ్లు. రైలు టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు లాంటి రంగుల మెయిళ్లు వస్తే వాటిని టెర్మినల్‌లో ఉత్త అక్షరాలుగా చూపే డబ్ల్యూత్రీఎం చింపిరి చేస్తుంది, అప్పుడు బ్రౌజరులో తెరుస్తాను. మొన్న మా బావమరిది తనకూ పెట్టిమ్మన్నాడు. వాడిది ఆఫీసు ఖాతా, రోజుకు పది మీటింగు ఆహ్వానాలు వస్తాయి. మౌసుతో నడిచే మామూలు మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ చేసి, కాఫీ తాగించి పంపాను.