రెండో రిమోట్ పట్టుకుని చూస్తే

మా అన్నయ్య కొడుకు పదో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాడు. మొన్నో సాయంత్రం మేడ దిగొచ్చి, "అత్తా, నాన్న డబ్బులిస్తానన్నారు. పాత ఆటల బాక్సు కొనుక్కోనా, లేకపోతే కంప్యూటర్‌కి రెండు రిమోట్లు తెచ్చి ఇండీ గేములు, అదే చిన్న బృందాలు సొంతంగా చేసిన కొత్త ఆటలు, వేసుకోనా? ఏది మేలు?" అని అడిగాడు. నన్నే ఎందుకు అడిగాడంటే, మా ఇంట్లో నలభై దాటాక కూడా ఆడేది నేనొక్కదాన్నే. ఆడతానంటే పెద్ద ఆటగత్తెనని కాదు. అంట్లు తోమి, గట్టు కడిగి, రేపటి ఇడ్లీకి పప్పు నానబెట్టాక మిగిలే ముప్పావు గంట నాది. అందులో ఆడేది ఆడతాను, విసుగొస్తే కట్టేస్తాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత పక్షపాతం అనొద్దు. చిన్నప్పుడు నా చేతిలో ఉన్నది ఎప్పుడూ రెండో రిమోటే. జాయ్‌స్టిక్కు అనేవాళ్ళూ ఉండేవాళ్ళు గానీ మా వీధిలో అది రిమోటే. బరంపురంలో అప్పుడు కేసెట్ వేసే టీవీ గేమ్ ఉన్న ఇల్లు వీధికొకటి. మా నాన్న పట్టుచీరల కొట్లో లెక్కలు రాసేవారు, ఒక దీపావళి బోనసుతో మాకూ ఒకటి తెచ్చారు. అది జపాన్ నింటెండో వాళ్ళ ఫామికామ్‌కి నకలని చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. అసలు ఫామికామ్‌లోనే రెండో రిమోట్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు లేవు. మా నకలులోనూ లేవు. మొదలెట్టేది అన్నయ్య, ఆపేది అన్నయ్య. మంచినీళ్ళకి లేవాలన్నా అన్నయ్యని అడిగి లేవాలి.

అందుకని ఏ ఆట గురించి అడిగినా నాకు మొదట తట్టేది ఒకటే. రెండో రిమోట్ పట్టుకున్నవాళ్ళకి ఇందులో ఏముంది?

మారియోతో మొదలుపెడతాను. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌ని తిట్టడానికి నాకు మనసొప్పదు. 40 కిలోబైట్లలో 32 లెవెళ్ళు ఇరికించారు. పైనున్న మబ్బు బొమ్మకే ఆకుపచ్చ రంగు పూసి కింద పొద అన్నారు. పొద్దున్నే మా పిన్ని పంపే గుడ్ మార్నింగ్ గులాబీ బొమ్మ దానికన్నా బరువు. కానీ ఇద్దరు ఆడితే రెండోవాడు లుయీజీ, అంటే రంగు మార్చిన మారియో. మొదటివాడు చస్తేనే వాడికి వంతు. మా వీధి తెలుగు పిల్లలం కూడా ఆటలో "నా వంతు" అనేవాళ్ళం కాదు, ఒడియాలో "మో పాళి" అనేవాళ్ళం. అన్నయ్య చెయ్యి తిరుగుతున్న కొద్దీ నా పాళి దూరమైపోయింది. రెండో వరల్డు (నాలుగు లెవెళ్ళు కలిస్తే ఒక వరల్డు) దాటేసరికి అమ్మ అన్నానికి పిలిచేది. అన్నయ్య గోతిలో పడాలని మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణికి మొక్కుకున్న రోజులున్నాయి.

కొత్త ఇండీ ఆటల్లో దీనికి పక్కన పెట్టాల్సింది సెలెస్ట్. 2018లో వచ్చింది. మ్యాడెలిన్ అనే పిల్ల ఒక కొండెక్కుతుంది, అదే కథ. నిజానికి అది ఒక్కరి ఆట, రెండో రిమోట్‌కి చోటే లేదు. అయినా మా అమ్మాయీ నేనూ ఇద్దరం ఆడతాం. ఎలాగంటే, చచ్చినవాళ్ళు రిమోట్ పక్కవాళ్ళకి ఇచ్చేయాలి. మారియోలోనూ అదే రూలు కదా అంటారేమో. తేడా ఇక్కడే ఉంది. సెలెస్ట్‌లో ప్రతి తెరా ఒక గండం, దాంట్లో బతికేది నాలుగైదు సెకన్లు. చచ్చిన వెంటనే అదే తెర మొదట్లో మళ్ళీ నిలబెడుతుంది. లైఫుల లెక్క లేదు. కాబట్టి రిమోట్ క్షణానికోసారి చేతులు మారుతుంది, అవతలి మనిషి చావాలని మొక్కుకునే పని లేదు. ఇంకా కష్టమైతే అసిస్ట్ మోడ్ అని ఒకటి పెట్టారు, ఆట వేగం తగ్గించుకోవచ్చు, అసలు చావకుండా కూడా పెట్టుకోవచ్చు. మా మేనల్లుడు అది మోసం అంటాడు. నేను సిగ్గుపడకుండా వాడాను.

కరెంటు సంగతి కూడా ఉంది. ఈ నెలల్లో మా దగ్గర సాయంత్రం కాలబైశాఖి గాలివాన లేచిందంటే లైట్లు ఆరిపోవడం ఖాయం. మారియోకి దాచుకోవడం తెలీదు. ఆరో వరల్డులో ఉన్నా సరే, కరెంటు వచ్చాక మళ్ళీ ఒకటో వరల్డే. టైటిల్ తెర మీద 'A' అని రాసున్న బటన్ నొక్కిపట్టి స్టార్ట్ కొడితే, అన్ని లైఫులూ పోయాక కూడా చచ్చిన వరల్డు మొదటి నుంచి ఎత్తుకోవచ్చట. ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది. కరెంటు పోతే మాత్రం అదీ పనికిరాదు. సెలెస్ట్ మనం ఎక్కిన చోటు గుర్తుపెట్టుకుంటుంది. ఈ జోడీలో నా ఓటు కొత్తదానికే, అందులో రెండో మాట లేదు.

కాంట్రా, కప్‌హెడ్ దగ్గరికొచ్చేసరికి నాకే తేలడం లేదు.

కాంట్రా అనే తుపాకుల ఆట 1988లో ఇళ్ళల్లోకి వచ్చింది. ఒక్క గుండు తగిలితే చావు, ఉన్నవి మూడు లైఫులు. పైన పైన కింద కింద అని మొదలయ్యే ఆ బటన్ల మంత్రం నొక్కితే ముప్పై. ఆ మంత్రం మొదట కాంట్రా కోసం పుట్టింది కాదు. గ్రేడియస్ అనే వేరే ఆటని ఇంటి మెషిన్‌కి మార్చేటప్పుడు హషిమోతో అనే కొనామీ కంపెనీ ఉద్యోగి తనే గెలవలేక పెట్టుకున్నాడట. అలాంటి మనిషంటే నాకు గౌరవం. ఇందులో ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు, అది మారియో కన్నా మేలే. కానీ మూడో స్టేజి జలపాతం దగ్గర నాకు ఇప్పటికీ కడుపు మంట. తెర పైకి జరుగుతుంది. పైనున్నవాడు ఒక్క గెంతు ఎక్కువ వేస్తే కిందున్నవాళ్ళు తెర అంచున పడి చస్తారు. అన్నయ్య ప్రతిసారీ "చూసుకోలేదమ్మా" అనేవాడు. ముప్పై లైఫుల్లో పదిహేను అలాగే పోయాయి.

కప్‌హెడ్ 2017ది. కెనడాలో మోల్డెన్‌హౌవర్ అన్నదమ్ములిద్దరు ఇళ్ళు తాకట్టు పెట్టి మరీ చేశారు. 1930ల నాటి కార్టూన్ల పద్ధతిలో ప్రతి బొమ్మా కాగితం మీద చేత్తో గీశారు. ఇందులో రెండోవాడు చస్తే దెయ్యమై మెల్లగా పైకి తేలిపోతాడు. తెర దాటి పోయేలోపు మొదటివాడు ఎగిరి సమయానికి తాకితే మళ్ళీ బతుకుతాడు. జలపాతంలో నన్ను తొక్కేసిన అన్నయ్యకి ఈ ఆటలో నన్ను పట్టుకోవడానికి పైకి గెంతాల్సి వచ్చింది. ఆ దృశ్యం చూడ్డానికైనా ఆ డబ్బులు దండగ కాదు. మరి ఎందుకు తేలడం లేదంటే, ఇద్దరు ఆడితే అవతలి రాక్షసుడి ప్రాణం కూడా పెంచేస్తారు. అంటే నేను సాయానికొచ్చి బరువు పెంచానన్నమాట. పైగా నా వేళ్ళకి అది మరీ కష్టం. వంటపనితో బొటనవేలు ముందే నొప్పి. ఒకే పువ్వు రాక్షసి దగ్గర రెండు వారాలున్నాం. చూడ్డానికి కప్‌హెడ్, ఆడటానికి కాంట్రా అని పెట్టుకోండి. జలపాతం దాకా.

ఇప్పుడు ట్యాంకుల ఆట. దాని అసలు పేరు బ్యాటిల్ సిటీ, నామ్‌కో కంపెనీది, 1985. అడుగున ఇటుకల మధ్య గద్ద బొమ్మ ఉంటుంది, దాన్ని కాపాడాలి. స్టేజికి ఇరవై శత్రు ట్యాంకులు, మొత్తం 35 స్టేజిలు. పసుపు ట్యాంకు అన్నయ్యది, ఆకుపచ్చది నాది. ఈ ఒక్క ఆటలో నేను రెండోదాన్ని కాను. రెండు ట్యాంకులూ సమానం, రెండు తూటాలూ సమానం. నా తూటా అన్నయ్యకి తగిలితే ఆ పసుపు ట్యాంకు కాసేపు మిణుకుమిణుకుమంటూ కదలకుండా ఉండిపోతుంది. జలపాతానికి బదులు ఇక్కడ తీర్చుకునేదాన్ని, "చూసుకోలేదన్నయ్యా" అనేసి. పార బొమ్మ దొరికితే గద్ద చుట్టూ ఉన్న ఇటుకలు కాసేపు ఉక్కుగా మారతాయి. ఆ పార కోసం ఇద్దరం పరిగెత్తి, గద్దని వదిలేసి, ఆట పోగొట్టుకున్న రోజులు లెక్కలేదు. ఒక్కోసారి మన తూటాయే గద్దని కొట్టేస్తుంది. అప్పుడు ఇంట్లో ఒక పది నిమిషాలు మాటలుండవు. దాంట్లోనే మనకి నచ్చినట్టు గోడలు పేర్చుకునే పద్ధతి కూడా ఉంది. వాన పడే సెలవుల్లో మేము ఆడింది తక్కువ, పేర్చింది ఎక్కువ.

కొత్తవాటిలో దీనికి సరిజోడీ వెతికితే నాకు ఓవర్‌కుక్డ్ దొరికింది. 2016ది. ఇద్దరు కలిసి హోటల్ వంటగది నడపాలి. మూడు ఉల్లిపాయలు తరిగి కుండలో వేస్తే సూపు, మర్చిపోతే మాడి మంట లేస్తుంది, మంట ఆర్పే డబ్బా ఎక్కడో అవతల ఉంటుంది. కడిగిన పళ్ళెం లేకపోతే వడ్డన ఆగిపోతుంది. ఇక్కడా రెండోవాడు లేడు. ఒకరు తరగాలి, ఒకరు కడగాలి. మొదటి రోజు మా అన్నయ్య సహజంగానే తరగడానికి నిలబడి, కడగడం నాకు వదిలేశాడు. రెండో ఆర్డరుకే పళ్ళేలు అయిపోయాయి. "కడుగు" అని అరిచాడు. "నువ్వు కడుగు" అన్నాను. మా వదిన వెనక నుంచి చప్పట్లు కొట్టింది.

అయినా ట్యాంకులదే పైచెయ్యి అంటాను, ఎందుకంటే ఓవర్‌కుక్డ్‌లో మాట్లాడకుండా ఆడలేం. కేకలు తప్పవు. రోజంతా వంటింట్లో ఉన్న మనిషికి రాత్రి మళ్ళీ ఉల్లిపాయలా అని నా గోల నాకుంది. పిల్లలిద్దరికీ మాత్రం అదే ఇష్టం.

స్టార్‌డ్యూ వ్యాలీకి పాత కేసెట్లలో జోడీ లేదు, అందుకే పోటీ పెట్టను. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు బొమ్మలు, పాటలు, మాటలు అన్నీ ఒక్కడే చేసి, నాలుగేళ్ళకి పైగా కూర్చుని, 2016లో వదిలాడు. పొలం, చేపలు, ఆవులు, ఊళ్ళో జనం. ఇద్దరు ఆడితే రెండో ఆటగాడిని ఆ ఆట ఏమని పిలుస్తుందో తెలుసా? ఫామ్‌హ్యాండ్. అంటే పాలేరు! నేను నవ్వలేకపోయాను. అయితే పాలేరుకీ సొంత గుడిసె ఉంది, డబ్బు ఉమ్మడి, కావాలంటే వేరు కాపురం పెట్టుకుని పద్దులు విడగొట్టుకోవచ్చు. ఇద్దరూ పడుకుంటే గానీ తెల్లవారదు. మా అమ్మాయి గనిలో తవ్వుతూ ఉంటే నేను మంచం మీద ఎదురుచూస్తూ కూర్చుంటాను. అచ్చం నిజం ఇంట్లో లాగే. కంప్యూటర్‌లో ఈ ఆట పడుకున్నాకే సేవ్ అవుతుంది. సాయంత్రం పూట గాలివానకి కరెంటు పోతే ఆ రోజు పంట, పట్టిన చేపలు అన్నీ గల్లంతు. పడవ మునిగినట్టుంటుంది. అయినా ఒక్క రోజే కదా పోయేది, మారియోలో లాగా బతుకంతా కాదు.

బాక్సు మాటకొస్తే, మా పాతది పైలీన్ తుఫానుకి పోయింది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన గాలికి మేడ మీద రేకులు లేచి, అటక మీద ఉన్నవన్నీ నానిపోయాయి. తర్వాత మోజుకొద్దీ బజార్లో ఒక కొత్త బాక్సు కొన్నాను. అట్ట మీద 620 ఆటలని ఉంది. లెక్కపెడితే ముప్పై కూడా లేవు, మిగతావన్నీ అవే ఆటలు వేరే లెవెల్ నుంచి, వేరే పేరుతో. తుపాకీ కూడా ఇచ్చారు. బాతుల ఆటలో ఆ తుపాకీ పనిచేయాలంటే వెనక బుర్ర ఉన్న పాత టీవీయే కావాలి, ఆ తెర వెలిగే తీరు మీదే దాని గురి ఆధారపడుతుంది. గోడకి తగిలించిన ఇప్పటి టీవీలకి దాని చూపు ఆనదు. కొట్టువాడిని అడిగితే టీవీదే తప్పన్నాడు. ఆమాటా నిజమే అనుకోండి. రెండో రిమోట్ తిప్పి చూశాను. స్టార్ట్ బటన్ లేదు.

మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు. బాక్సు వద్దు, రెండు మంచి రిమోట్లు తీసుకో, ముందు ఓవర్‌కుక్డ్, తర్వాత సెలెస్ట్, కప్‌హెడ్ డిస్కౌంట్ వచ్చినప్పుడు చూద్దాం, ట్యాంకులు ఆడాలనిపిస్తే నా బాక్సు బీరువా పైన ఉంది అన్నాను. వాడు గిరి రోడ్ వైపు కొట్లన్నీ తిరిగి సాయంత్రానికి రిమోట్లు పట్టుకొచ్చాడు, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. మా అన్నయ్య అలవాటుగా నల్లది అందుకున్నాడు. నేను ఎర్రదాన్ని తీసుకుని ముందు స్టార్ట్ బటన్ నొక్కాను. ఆట మొదలైంది.