పసిపిల్లల కంటి స్కానింగ్: లోపల పని బాగుంది, బయట కౌంటరే బాగోలేదు

మా మనవడు ఏడో నెలలోనే పుట్టాడు, బరువు 1,400 గ్రాములు. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువున్నా నెల తిరిగేలోగా ఆర్‌ఓపీ (నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కంటి వెనక పొర రెటీనాలో రక్తనాళాలు సరిగ్గా పెరగని జబ్బు) పరీక్ష చేయించాలని, వాడు బాక్సులో ఉండగానే పిల్లల డాక్టరు చెప్పారు. ఆ పరీక్షలో కుడికన్ను బాగానే ఉందన్నారు. ఎడమకంట్లో మాత్రం శుక్లం అడ్డొచ్చి వెనకున్న రెటీనా కనబడలేదు. అందుకని బీ-స్కాన్, అంటే కంటికి చేసే అల్ట్రాసౌండ్, రాశారు. గాజువాక నుంచి విశాఖ ఎంవీపీ కాలనీలోని ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

ముందు మంచి మాట. కడుపుతో ఉన్నప్పుడు చేసే అల్ట్రాసౌండ్ లాంటిదే ఇది. రేడియేషన్ లేదు, మత్తు ఇవ్వలేదు. టెక్నీషియన్ అమ్మాయి వాణ్ని మెత్తటి గుడ్డలో చేతులు కదలకుండా చుట్టించింది. తల నన్ను పట్టుకోమంది. జెల్ చల్లగా తగిలితే ఉలిక్కిపడతాడని కాసేపు తన అరచేతిలో ఉంచుకుని, అప్పుడు మూసిన రెప్ప మీద రాసింది. ఆ ఓపిక ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో గానీ, వాళ్లకి దణ్ణం పెట్టాలి. వాడు ఏడవడం మొదలుపెట్టేలోపే పని అయిపోయింది.

తెర మీద నల్లటి గుండ్రం, దాని వెనక తెల్లటి వంపు కనిపించాయి. "ఆ నలుపు శుభ్రంగా ఉండాలమ్మా. లోపల రక్తం చేరినా, రెటీనా ఊడినా అందులో తెల్లగా కనబడుతుంది" అని చూపించింది. కన్ను పొడవు 17 మిల్లీమీటర్లే ఉంది. పెద్దవాళ్లకి 24 దాకా ఉంటుందట! రెటీనా అతుక్కునే ఉందని డాక్టరు చెప్పాక మా అమ్మాయి టెన్షన్ కొంచెం తగ్గింది. ఇక శుక్లం ఆపరేషన్ ఎప్పుడన్నది మాట్లాడుకోవాలి.

ఇప్పుడు కౌంటరు సంగతి. కక్కుకోకుండా స్కానింగ్‌కి గంట ముందు నుంచి పాలు పట్టొద్దన్నారు, సరే. తీరా వెళ్తే టోకెన్ ఎప్పుడొస్తుందో చెప్పే దిక్కు లేదు. పసివాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే "ఇంకో పది నిమిషాలు" అంటూ కూర్చోబెట్టారు. హాల్లో ఏసీ చలి. పాలిచ్చే గది ఉంది గానీ దాని నిండా పాత ఫైళ్ల అట్టపెట్టెలే. పోల్చి చూడ్డానికి రెండో కన్ను కూడా స్కాన్ చేస్తారు, బిల్లు రెండింటికీ వేస్తారు. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా?

క్యూలో ఒకావిడ "స్కాన్ బాగుంటే ఇంక ఆర్‌ఓపీ చూపించక్కర్లేదు" అంటోంది. అది తప్పు. మొదటి దశల్లో రెటీనా అంచున రక్తనాళాల్లో వచ్చే మార్పు ఈ స్కాన్‌లో తెలీదు. చుక్కల మందు వేసి డాక్టరు లెన్సుతో చూడాల్సిందే. మా వాడి కుడికంటికి ఆ చెకప్‌లు ఇంకా నడుస్తున్నాయి.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, పిల్లాడికి టోపీ, మేజోళ్లు పట్టుకెళ్లండి. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, నాలుగూ స్కానింగ్ గదికే.