తమ్ముడితో 19 రోజులు ఉన్న మానసిక ఆసుపత్రి గురించి ఒక అక్క రాస్తున్న రివ్యూ

ఆసుపత్రి పేరు రాయడం లేదు. తమ్ముడి పేరూ రాయను. వాడికి రేపు ఉద్యోగం కావాలి, పెళ్లి కావాలి. హైదరాబాద్‌లో ఉన్న ఒక మోస్తరు ప్రైవేటు మానసిక చికిత్స ఆసుపత్రి అనుకోండి, చాలు. మాకు అవసరం పడిన రాత్రి నేను ఫోన్‌లో ఎన్నో ఆసుపత్రుల రివ్యూలు చదివాను. 'గుడ్ ట్రీట్‌మెంట్', 'వరస్ట్, వెళ్లకండి', అంతే. లోపల ఏం చేస్తారు, ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడతారు, ఎంత ఖర్చవుతుంది, ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నేను ఖమ్మంలో టీచర్ని. తమ్ముడికి 24 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేసేవాడు. సంక్రాంతి తర్వాత జిమ్‌లో చేరాడు. వేసవికల్లా కండలు తేలాయి, ఫొటోలు పంపేవాడు, మేమూ సంబరపడ్డాం. జూన్‌లో ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, నీ పక్కన ఎవరున్నారు?" అన్నాడు. ఎవరూ లేరు నాన్నా అన్నాను. "అబద్ధం చెప్పకు. ఊపిరి వినిపిస్తోంది" అన్నాడు. తెల్లారేసరికి బస్సెక్కాను.

వెళ్లేసరికి గదిలో ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాడు. దుప్పటి చెమటకి తడిసిపోయింది. ఫ్యాన్ తిరిగితే అందులోంచి ఇద్దరు తన గురించి మాట్లాడుకుంటున్నారట. రూమ్మేట్లు అన్నంలో ఏదో కలుపుతున్నారట, ఫోన్‌లో కెమెరా పెట్టారట. ఆరు రోజులుగా నిద్ర లేదు. వాడిని ఖమ్మం తీసుకొచ్చేశాను. అమ్మ ముందు దిష్టి తీసింది, తర్వాత దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. నేను అడ్డు చెప్పలేదు. ఆ తాయెత్తు అమ్మకి ధైర్యం. కానీ 'మెంటల్ డాక్టర్' అనగానే అమ్మ ఏడ్చేసింది. మన దగ్గర, మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ అనేది ఊరి పేరు కాదు, తిట్టు. ఆ మాట మా ఇంటి గడప తొక్కుతుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ముందు వెళ్లిన క్లినిక్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. అక్కడ నాలుగు నిమిషాలు చూశారు. మూడు మాత్రలు రాశారు. ఏ మాత్ర ఎందుకో, తేడా చేస్తే ఏం చేయాలో చెప్పలేదు. రెండో రాత్రి వాడి మెడ ఒక పక్కకి మెలితిరిగి అలాగే బిగుసుకుపోయింది. కళ్లు పైకి వెళ్లిపోయాయి. నాలుక తిరగక మాట ముద్దముద్దగా వచ్చింది. ప్రాణం పోతోందనే అనుకున్నాం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ చూసి ఫెనెర్గాన్ ఇంజెక్షన్ ఇస్తే 20 నిమిషాల్లో మెడ నిలబడింది. సైకోసిస్‌కి, అంటే ఇలా లేనివి వినిపించి, లేనిపోని అనుమానాలు పట్టే స్థితికి, ఇచ్చే కొన్ని మందులు మొదలుపెట్టిన మొదటి రోజుల్లో, ముఖ్యంగా కుర్రాళ్లకి, ఇలా జరగవచ్చనీ, ప్రాణం మీదికి రావడం అరుదనీ, విరుగుడు ఉందనీ ఆయన చెప్పారు. ఆ ఒక్క మాట క్లినిక్‌లోనే చెప్పి ఉంటే! విషం పెడుతున్నారని అనుమానించే పిల్లవాడికి మొదటి మాత్రలే మెడ మెలిపెట్టాయి. "చూశావా అక్కా, నేను చెప్తే నమ్మలేదు" అన్నాడు. ఇక మాత్ర కాదు కదా, నేనిచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆ రాత్రి రెండింటికి 14416కి ఫోన్ చేశాను. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది. డబ్బులేమీ ఉండవు, తెలుగులోనే మాట్లాడతారు. అటువైపు ఆవిడ ముందు నా ఊపిరి కుదుటపడేదాకా ఆగారు. తర్వాత వాడితో వాదించవద్దనీ, వంటింట్లో కత్తులు తీసి దాచమనీ, వాడికీ తలుపుకీ మధ్య నిలబడవద్దనీ, తెల్లారగానే పడకలున్న ఆసుపత్రికి తీసుకెళ్లమనీ, ఈలోగా ఎవరికైనా ప్రమాదం అనిపిస్తే 112కి చేయమనీ చెప్పారు. ఇది చదివేవాళ్లు ఆ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అవసరమొచ్చిన రాత్రి వెతుక్కునే ఓపిక ఉండదు.

ఇక అసలు ఆసుపత్రి. కారు ఆగాక వీడు దిగనన్నాడు. మా బాబాయి కొడుకు రెక్క పట్టుకుని లాగబోయాడు. నలుగురు వచ్చి ఎత్తుకెళ్తారనుకున్నాను. తెల్ల షర్టు వేసుకున్న ఒక పెద్దాయన ఒక్కడే వచ్చాడు, మేల్ నర్సట. అందరినీ పక్కకి జరగమని, కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఏంటి నీ ప్రాబ్లం అని అడగలేదు. "తమ్ముడూ, నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అన్నాడు. వీడు చాలాసేపటికి "ఎనిమిది రోజులు" అన్నాడు. "కాళ్లు లాగుతుంటాయే. లోపల మంచం ఉంది, పడుకుందువు గాని రా. తలుపు దగ్గర నేను కూర్చుంటాను." అంతే, దిగాడు. నేను ఈ ఆసుపత్రికి ఇచ్చే మార్కుల్లో సగం ఆ మనిషికే.

వాడి ఇష్టం లేకుండా చేర్చుకోవచ్చా అనేది నన్ను చాలా బాధపెట్టిన విషయం. డాక్టర్ మేడమ్ కాగితం ముందు పెట్టి చదివి వినిపించారు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో సెక్షన్ 89 అని ఉంది. సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడు విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి. ఇంటి తరఫున ప్రతినిధి సంతకం చేయాలి. 30 రోజులకి మించి ఆ సెక్షన్ కింద ఉంచకూడదు. ఏడు రోజుల్లో, రోగుల హక్కులు చూసే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలపాలి. గొలుసులతో కట్టేయడం ఆ చట్టం ప్రకారం నేరం. సంతకం పెడుతుంటే చేయి వణికింది. కానీ తమ్ముడిని బోనులో పెడుతున్నానన్న భావన మాత్రం పోయింది.

మరుసటి రోజు మేడమ్, "వాడి గదిలో ఉన్నవన్నీ తీసుకురండి. డబ్బాలు, మాత్రలు, పొడులు, చెత్తబుట్టలోవి కూడా. తిట్టడానికి కాదు, చూడ్డానికి" అన్నారు. హాస్టల్‌కి వెళ్లాను. మంచం కింద ప్రీ వర్కౌట్ పొడి డబ్బా ఉంది, జిమ్‌కి ముందు ఊపు కోసం తాగేది. రాక్షసుడి బొమ్మ, ఎర్రటి అక్షరాలు. ఓట్స్ డబ్బాలో, ఓట్స్ అడుగున, చిన్న గంజాయి పొట్లం. స్పోర్ట్స్ బూట్లలో చేయి పెడితే కుక్కిన సాక్సు తగిలింది. విప్పితే ఇన్సులిన్ సిరంజీలు మూడు, వేలెడంత గాజు సీసాలు రెండు. ఒకదానిలో అడుగున కాస్త నీళ్లలాంటి మందు మిగిలి ఉంది. చిన్నప్పుడు వాడు నా దగ్గర గోళీలు కూడా ఇలాగే సాక్సులో దాచేవాడు. ఆ సాక్సు పట్టుకుని ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

మేడమ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచి ఒక్కొక్కటీ పెట్టించారు. డబ్బా మీద స్కూప్‌కి 300 మిల్లీగ్రాముల కెఫీన్ అని ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 400 దాకా పరవాలేదంటారట. వీడు జిమ్‌కి ముందు ఒక స్కూప్, నైట్ షిఫ్ట్‌కి ముందు ఇంకోటి తాగేవాడు. సీసా లేబుల్ మీద మెఫెంటెర్మిన్ అని ఉంది. ఆపరేషన్‌లో మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే ఎక్కించే మందు అది. జిమ్‌లలో ఊపు కోసం పొడుచుకుంటున్నారట. దానివల్ల మతి చలించి వచ్చిన కుర్రాళ్లని ఇంతకుముందు కూడా చూశామన్నారు. గంజాయి సంగతి సరే సరి.

నేను అడిగింది ఒకటే, వీటిలో ఏది మేడమ్? ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. "ఇదీ అని వేలు పెట్టి చూపించలేనమ్మా. మూడూ కలిశాయి, నిద్ర కరువైంది. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా?" అన్నారు. లేదన్నాను. పక్కనే కూర్చున్న అమ్మ తల వంచుకుని, "మా చిన్న మరిది" అంది. మా చిన్న బాబాయి సన్యాసుల్లో కలిసిపోయాడని నాకు పుట్టినప్పటి నుంచి చెప్పిన కథ. సన్యాసం కాదట. గోడలతో మాట్లాడేవాడట, ఒక రాత్రి వెళ్లిపోయి మళ్లీ రాలేదట. అమ్మ 30 ఏళ్లు కడుపులో పెట్టుకున్న మాట ఆ గదిలో బయటికి వచ్చింది. మేడమ్ లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. రక్తంలో కొంత ఉన్నవాళ్లకి ఇలాంటివి నిప్పుకి పెట్రోలు తోడైనట్టేననీ, లేనివాళ్లకి కూడా రావచ్చుననీ చెప్పారు. ఇప్పుడే దీనికి పేరు పెట్టననీ, ఇవన్నీ మానేశాక నెల దాటినా అనుమానాలు, మాటలు ఉంటే అప్పుడు వేరే జబ్బు గురించి ఆలోచించాలనీ అన్నారు. ఆ రోజు పేరు చెప్పనందుకు నాకు కోపం వచ్చింది. తొందరపడి ముద్ర వేయనందుకు ఇప్పుడు దండం పెడుతున్నాను.

వార్డు పరిశుభ్రంగానే ఉంది. బాత్రూములు మాత్రం సాయంత్రానికి ముక్కు మూసుకునేలా ఉండేవి, రెండుసార్లు చెప్తే గానీ కడగలేదు. సాంబారు నీళ్లు. మొదటి మూడు రోజులు వీడు సీల్ వేసిన బిస్కెట్లు తప్ప ఏమీ తినలేదు. ఆ నర్సన్న రోజూ కొబ్బరి బోండాం తెప్పించి వాడి కళ్ల ముందే కొట్టి ఇచ్చేవాడు. నాలుగో రోజు ఇడ్లీ తిన్నాడు.

అక్కడి సోషల్ వర్కర్ అమ్మాయి మాతో రెండుసార్లు గంట చొప్పున కూర్చుంది. మా ఇంటిని నిలబెట్టినవి ఆ రెండు గంటలే. "ఫ్యాన్‌లో మాటలు ఉన్నాయంటే లేవని వాదించకండి, ఉన్నాయని తలూపకండి. 'నాకు వినిపించడం లేదు నాన్నా, నీకు వినిపిస్తుంటే మాత్రం భయంగానే ఉంటుంది' అనండి" అని నాతో, అమ్మతో పైకి అనిపించింది. అమ్మ మూడోసారికి ఏడవకుండా అనగలిగింది. పోలీసుల భయం కూడా ఆ అమ్మాయే తీర్చింది. మత్తుకి అలవాటుపడి, వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్నవాళ్లు తామే చికిత్సకి వస్తే విచారణ నుంచి రక్షణ ఉందట, మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

ఇప్పుడు నచ్చనివి. షేరింగ్ రూమ్ రోజుకి 2,800 అన్నారు. మందులు, పరీక్షలు, డాక్టర్ ఫీజు అన్నీ కలిపి 19 రోజులకి 92 వేలు దాటింది. రోజువారీ బిల్లు అడిగితే కౌంటర్‌లో విసుక్కున్నారు. ఇన్సూరెన్స్‌వాళ్లు పైసా ఇవ్వలేదు. మానసిక జబ్బుకి కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని ఆ 2017 చట్టమే చెప్తోంది, కానీ మత్తు పదార్థాల వల్ల వచ్చినవాటికి వర్తించదని పాలసీలో ఇంకో షరతు ఉంది. ఆ షరతు చూపించారు. చేరే రోజే ఇది కూర్చోబెట్టి చెప్పి ఉంటే గవర్నమెంటు ఆసుపత్రి గురించి కూడా ఆలోచించేవాళ్లం.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది డిశ్చార్జ్. శనివారం సాయంత్రం హడావుడిగా పంపించేశారు. ఒలాంజపిన్ రాశారు. ఆ మందుతో ఆకలి పెరుగుతుందనీ, బరువు, షుగర్, కొవ్వు చూసుకుంటూ ఉండాలనీ ఎవరూ చెప్పలేదు. మూడు నెలల్లో వాడు తొమ్మిది కిలోలు పెరిగాడు. అద్దం ముందు షర్టు బొత్తాలు పట్టక నిలబడ్డవాడిని చూశాను. ఒళ్లు బాగుండాలనే కదా పిల్లవాడు ఆ పొడుల జోలికి వెళ్లింది! రెండు వారాలు నాకు తెలియకుండా మాత్రలు మానేశాడు. దిండు కింద దొరికాయి. అరవలేదు. మేడమ్‌కి ఫోన్ చేసి నలుగురం మాట్లాడుకుని మందు మార్పించుకున్నాం. బరువు చూసే మిషన్ ఓపీలోనే మూలన ఉంది. ప్రతిసారీ నేనే అడిగి ఎక్కిస్తున్నాను. మీరూ అడగండి.

సీసాలు ఇచ్చింది జిమ్‌లో ఒక ట్రైనర్. పొడి డబ్బా బిల్లు లేకుండా అమ్మింది పక్క షాపు. డబ్బా మీద ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్ లేదు, దిగుమతి చేసిందెవరో లేదు. షాపతను "అందరూ వాడుతున్నారు మేడమ్" అన్నాడు. ఔషధ నియంత్రణ శాఖకి ఫొటోలతో ఫిర్యాదు ఇచ్చి వచ్చాను. అమ్మలూ, అక్కలూ, మీ పిల్లలు పంపే కండల ఫొటోలు చూసినప్పుడు ఏం తింటున్నావని కాదు, ఎన్ని గంటలు పడుకున్నావని అడగండి. మేం అడగలేదు.

5కి 4 ఇస్తున్నాను. తీసుకెళ్లేవాళ్లు వాడిన డబ్బాలు, స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. ఓపీకి తొమ్మిదిలోపు టోకెన్ తీసుకుంటే మధ్యాహ్నానికి బయటపడతారు.

మొన్న ఐదో నెల చెకప్‌కి వెళ్లాం. వాడిప్పుడు ఖమ్మంలో మా మామయ్య హార్డ్‌వేర్ షాపులో కూర్చుంటున్నాడు. ఫ్యాన్‌లో మాటలు వినిపిస్తున్నాయా అని మేడమ్ అడిగారు. "లేవు మేడమ్" అన్నాడు. కాసేపాగి, "అప్పుడప్పుడు ఫ్యాన్ ఆపి వింటాను, ఉన్నాయేమోనని" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. అది కూడా రాసుకుని, మాత్ర డోసు అలాగే ఉంచి, ఆరు వారాల తర్వాత రమ్మన్నారు.