పొట్టేలు వేపుడు పక్కన అల్సాస్ వైన్: హ్యూగెల్ గెవూర్ట్స్‌ట్రామినర్

మసాలా కూరలకు వైట్ వైన్ పనికిరాదని చాలామంది తేల్చేస్తారు. అనంతపురంలో మా ఇంటి వంటతో కలిపి తాగి చూశాక నేను ఆ మాట ఒప్పుకోను. ఏ వైన్, ఏ కూర అన్నదాన్ని బట్టే ఉంటుంది.

మా మరిది అల్సాస్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో చదువు ముగించుకొని వస్తూ ఈ హ్యూగెల్ గెవూర్ట్స్‌ట్రామినర్ వైట్ వైన్ సీసా తెచ్చాడు. "ఉత్తగా తాగితే దీని సంగతి తెలీదు వదినా, నువ్వు పొట్టేలు వేపుడు చెయ్యి" అన్నాడు. సన్నగా, పొడుగ్గా, భుజాల్లేని సీసా. అల్సాస్ వైన్లను అలాంటి సీసాల్లోనే నింపాలని అక్కడి రూలు.

అల్సాస్ ఉండేది తూర్పు ఫ్రాన్స్‌లో, జర్మనీ సరిహద్దు పక్కన. హ్యూగెల్ కుటుంబం 1639 నుంచి రిక్విర్ అనే చిన్న ఊళ్లో ఉంటూ వైన్ తయారు చేస్తోంది. పడమటి నుంచి వచ్చే మబ్బుల్ని వోజ్ కొండలు అడ్డుకుంటాయి కాబట్టి, ఆ పక్కనే ఉన్న కోల్మార్ ఫ్రాన్స్‌లో వాన బాగా తక్కువ పడే ఊళ్లలో ఒకటి. పడమటి కనుమలు మన జిల్లాకు చేసిన పని కూడా ఇదే కదా! వాన మొహం చాటేస్తే మనకు చెనక్కాయ పంట ఎండిపోతుంది. వాళ్లకేమో ద్రాక్ష కోతల కాలం పొడిగా ఉండటమే వరం. కాయ కుళ్లకుండా తీగ మీదే నిదానంగా పండుతుంది.

గెవూర్ట్స్‌ట్రామినర్ అంటే ఈ వైన్ చేసే ద్రాక్ష రకం పేరు, దాని తొక్క లేత గులాబీ రంగులో ఉంటుంది. అందుకేనేమో, గ్లాసులో పోస్తే వైన్ మామూలు వైట్ వైన్లలా పాలిపోయి కనపడదు, నిండు పసుపులో మెరుస్తుంది. ఇక వాసన! గ్లాసు ముక్కు దాకా రాకముందే పెళ్లి పందిట్లో పన్నీరు చల్లినట్టు గులాబీ గుప్పుమంటుంది. దాని వెనకే ఒలిచిన లిచీ పండు, ఇంకాస్త ఆగితే అల్లం. గులాబీకీ లిచీకీ ఆ పరిమళమిచ్చే పదార్థమొకటి ఈ ద్రాక్షలోనూ ఉంది, బయటి నుంచి ఏదీ కలపరు. నోట్లో మాత్రం వాసన ఊరించినంత తియ్యగా ఉండదు. కొంచెం తీపి ఛాయ, నూనెలా జారే చిక్కదనం, పులుపు బాగా తక్కువ, చివర్లో సన్నటి చేదు.

పొట్టేలు వేపుడుతో ఇది అద్భుతంగా కుదిరింది. లవంగం, దాల్చిన చెక్క, అల్లం, గసగసాలు వేసి, ముక్క అంచులు నల్లబడేదాకా వేయించిన వేపుడు అది. ఒక ముక్క నమిలి గుటక వేస్తే ముందు లవంగం ఘాటు పెరిగినట్టనిపించి, వెంటనే గులాబీ వాసన దాన్ని కమ్మేస్తుంది. కొవ్వు జిడ్డు కూడా నోట్లో నిలవదు. వేయించిన చెనక్కాయల చట్నీ కూడా దీనికి బాగా నప్పింది. మా ఆయనకైతే ఉగ్గాని నచ్చింది, నాకు అంత గొప్పగా అనిపించలేదు.

కారం విషయంలో మాత్రం ఒక హద్దుంది. ఆ తీపి ఛాయ కొంతవరకే మంటను ఆపుతుంది. ఈ రకం వైన్లలో ఆల్కహాల్ కాస్త ఎక్కువే, సుమారు 13, 14 శాతం. మిరపకాయ బజ్జీ మీద తాగితే నోరు మరింత మండిపోతుంది. సంగటిలోకి చేసిన నాటుకోడి పులుసుతో అసలు పొసగదు. చింతపండు పులుపు ముందు ఈ వైన్ చప్పగా తేలిపోయింది. ఓళిగలతోనూ వద్దు, బెల్లం తీపి పక్కన చేదొక్కటే మిగులుతుంది.

మన ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టి మర్చిపోతే పనికిరాదు. 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో తాగాల్సిన వైన్ ఇది. వేడెక్కితే పూల వాసన పక్కకు పోయి ఆల్కహాల్ ఘాటు పైకొస్తుంది. గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకుని సీసాను ఐసు నీళ్లలో ఉంచాలి. కొనేటప్పుడు లేబుల్ కూడా చదవండి. 2021 పంట నుంచి అల్సాస్ సీసాల మీద తీపి ఏపాటిదో రాస్తున్నారు. సెక్ అంటే తీపి లేనట్టే, డెమీ సెక్ అంటే కొంచెం తీపి. మన కూరలకు డెమీ సెక్ తీసుకోండి.

పులుసు కూరలకైతే అదే అల్సాస్‌లో పండే రీస్లింగ్ అనే ఇంకో ద్రాక్షతో చేసిన వైన్ కావాలి, దాని పులుపు చింతపండుకు దీటుగా నిలబడుతుంది. ఈసారి వస్తే అది తెమ్మని మరిదికి చెప్పాను.