పోకనోస్ సమ్మర్ క్యాంప్ వంటగదిలో రెండు వేసవులు: నా అనుభవం

హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ 2023లో ఒకసారి, 2024లో ఒకసారి పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో పిల్లల సమ్మర్ క్యాంపు వంటగదిలో పనిచేశాను. రెండూ వేర్వేరు క్యాంపులు. మా జూనియర్లు అందరూ మొదట అడిగేది ఒక్కటే, డబ్బులు మిగులుతాయా అని. నాకు పెద్దగా మిగల్లేదు. తిండీ బసా వాళ్లవే అయినా విమానం టికెట్, ఏజెన్సీ ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు, విదేశీ విద్యార్థుల రికార్డులు ఉంచే సెవిస్ వ్యవస్థకు కట్టే 35 డాలర్ల ఫీజు తీసేస్తే రెండో ఏడాది చేతిలో మిగిలింది కొంచెమే. అయినా మళ్లీ అవకాశం వస్తే ఆ రెండో క్యాంపుకి సంతోషంగా వెళ్తాను. మొదటిదానికి మాత్రం చచ్చినా వెళ్లను.

వీసా సంగతి ముందు సరిగ్గా తెలుసుకోండి. మేం వెళ్లేది జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద. అందులో పిల్లల్ని చూసుకునే క్యాంప్ కౌన్సెలర్ కేటగిరీ వేరు, సెలవుల్లో పనికొచ్చే విద్యార్థుల సమ్మర్ వర్క్ ట్రావెల్ కేటగిరీ వేరు. వంటవాళ్లను, గిన్నెలు కడిగేవాళ్లను కౌన్సెలర్ కేటగిరీలో తీసుకెళ్లకూడదని అక్కడి నిబంధనల్లోనే ఉంది. కాబట్టి వంటగది పనికి, వీసా కోసం స్పాన్సర్ సంస్థ ఇచ్చే డీఎస్-2019 ఫారంలో సమ్మర్ వర్క్ ట్రావెల్ అని ఉండాలి. అది కాలేజీలో చదువుతున్నవాళ్లకే, గరిష్ఠంగా నాలుగు నెలలు. పని అయ్యాక దేశం చూడ్డానికి 30 రోజులు ఉండొచ్చు గానీ, ఆ రోజుల్లో పని చేయకూడదు.

ఇక పని. పొద్దున ఆరింటికి వంటగదిలో ఉండాలి. ఎనిమిదింటికి గంట కొట్టగానే మూడొందల మంది పిల్లలు బల్లలు చరుస్తూ, పాటలు పాడుతూ వచ్చి పడతారు. గిన్నెలు కడిగే చోటుని డిష్ పిట్ అంటారు. కొత్తవాళ్లను ముందు అక్కడే వేస్తారు. మెషిన్‌లో చివరి నీళ్లు 180 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటాయి, తలుపు ఎత్తగానే ఆవిరి మొహాన కొడుతుంది. పాన్‌కేక్ రోజు మరీ కష్టం. ప్లేట్లకు సిరప్ అంటుకుని బంకలా సాగుతుంది, ముందు చేత్తో రుద్దితే తప్ప మెషిన్‌లో పోదు. మొదటి వారం నా వేళ్ల చివర్ల తోలు ఊడింది.

మొదటి క్యాంపులో నన్ను బాధపెట్టింది పని కాదు. వారానికి ఒక సెలవు అని కాగితం మీద రాసిచ్చారు. తల్లిదండ్రులు చూడ్డానికొచ్చే విజిటింగ్ డే పేరు చెప్పి వరసగా రెండు సెలవులు ఎగ్గొట్టారు. రాత్రి ఊళ్లోకి వెళ్లే వ్యాను ఎనిమిదిన్నరకే బయల్దేరేది, మా గిన్నెలు తొమ్మిదికి గానీ అయ్యేవి కావు. మెక్సికో కుర్రాడు, పోలండ్ అమ్మాయి, నేను వెనక మెట్ల మీద కూర్చుని ఆ వ్యాను దీపాలు చూసేవాళ్లం. మనకు ఫారం ఇచ్చిన స్పాన్సర్ సంస్థ నెలనెలా మనల్ని పలకరించాలన్నది రూలు. ఆ నెల ఈమెయిల్ వచ్చినప్పుడు జరిగిందంతా రాశాను. మరుసటి వారం నుంచి సెలవు ఇచ్చారు. మొహమాటపడి ఊరుకోకండి.

రెండో క్యాంపులో చెఫ్ మంచివాడు, అంతకుమించి పని తెలిసినవాడు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడని పిల్లల కోసం విడిగా పెట్టిన బన్నుల ట్రేలోకి ఒకరోజు మామూలు బన్నులు తీసిన పటకారే పెట్టాను. ఆయన అరవలేదు. ట్రే మొత్తం చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కొని, ఊదారంగు పిడి ఉన్న పటకారు నా చేతికిచ్చి కొత్త ట్రే నాతోనే సర్దించాడు. ఎలర్జీ పిల్లలకు బోర్డులు, కత్తులు అన్నీ ఊదారంగువే. ఆ తర్వాత గ్లూటెన్ పడని ఒక చిన్నపిల్ల దగ్గరికి నన్ను తీసుకెళ్లి, "నీ ప్లేటు చూసుకునేది ఇతనే" అని చెప్పాడు. సీజన్ అయ్యేదాకా ఆ పిల్ల ప్లేటు ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు నేను. మూడేళ్ల కాలేజీలో నాకు ఎవరూ అలా నేర్పలేదు.

బర్రిటో, అంటే అన్నం, కూర చుట్టిన మెక్సికన్ రొట్టె, చేసిన రోజు అన్నం మిగిలితే చెఫ్ నన్ను పులిహోర చేయమన్నాడు. అమ్మ కట్టిచ్చిన పోపు డబ్బా ఉంది, నిమ్మరసం సీసాలో ఉంది. ఎలర్జీ భయంతో పల్లీలు మాత్రం ఆ వంటగదిలోకి రావడానికి వీల్లేదు. సలాడ్ బార్‌లోని శనగలు ఆరబెట్టి, కరకరలాడేలా వేయించి కలిపాను. కొలంబియా అబ్బాయి గిన్నె అడుగు గీకి మరీ తిన్నాడు.

శాకాహారులకు ఇబ్బందే. సలాడ్, పాస్తా, చీజ్‌తో నెట్టుకు రావాలి. గొడ్డు మాంసం ముట్టుకోలేనివాళ్లు ఇంటర్వ్యూలోనే చెప్పేయండి, అక్కడికి వెళ్లాక చెబితే ఇద్దరికీ కష్టం. సంతకం పెట్టేముందు నిరుడు అదే వంటగదిలో చేసినవాళ్లతో ఒకసారి మాట్లాడించమని అడగండి. రెండో ఏడాది నేను అలాగే ఎంచుకున్నాను. సెలవులు నిజంగా ఇచ్చారా, చెఫ్ ఎలాంటివాడు, రాత్రి ఎన్నింటికి వదులుతారు, ఈ మూడూ అడిగితే చాలు.

జారని బూట్లు రెండు జతలు, దోమల మందు, పోపు సామాను పెట్టుకోండి. తినేవి ఉన్నాయని కస్టమ్స్‌లో చెప్పేయండి. పల్లీలు, పల్లీ పొడి మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్లండి.