ర్యామ్ హీట్‌సింక్ కిట్లు: పలక బాగానే ఉంది, తంటా అంతా ప్యాడ్ దగ్గరే

కంప్యూటర్ మెమరీ (ర్యామ్) స్టిక్ వేడిని లాగేయడానికి విడిగా అమ్మే హీట్‌సింక్ కిట్లలో దాదాపు అన్నిట్లో ఉండేవి ఇవే: రెండు అల్యూమినియం పలకలు, చిప్‌కీ పలకకీ నడుమ వేడిని దాటించే మెత్తటి థర్మల్ ప్యాడ్లు రెండు, బిగించడానికి క్లిప్పులో బుల్లి స్క్రూలో. పలకలకు వంక పెట్టడానికేం లేదు. ఉష్ణవాహకత (వేడిని మోసే శక్తి, వాట్/మీటర్-కెల్విన్) లెక్కలో అల్యూమినియం సుమారు 200 ఉంటే, కిట్‌లో వచ్చే ప్యాడ్ 1 నుంచి 6 లోపే ఉంటుంది. ఆ ప్యాడ్ కూడా చిప్‌కి ఆనకపోతే మిగిలేది గాలి, దాని విలువ 0.026. హీట్‌సింక్ తగిలించాక వేడి తగ్గకపోగా పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది ఈ సందునే.

పలక విప్పి ప్యాడ్‌ని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. చిప్ నొక్కిన చోటల్లా అంచులు తేలిన అచ్చు పడి ఉండాలి. ఒక వైపు ఎనిమిది చిప్‌లుంటే ఎనిమిది అచ్చులూ ఒకే లోతులో కనిపించాలి. నడుమవి లోతుగా, చివరివి అలికినట్టుగా ఉంటే క్లిప్ మధ్యలోనే నొక్కుతోంది, పలక వంగుతోంది. అసలు అచ్చే పడలేదంటే ప్యాడ్ మందం చాలలేదు. నున్నగా మెరుస్తోందంటే ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర ఒలవనే లేదు. ఈ పొర రెండు వైపులా ఉంటుంది. రంగున్న వైపు ఎవరైనా తీసేస్తారు, పారదర్శకంగా ఉన్నదే చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. మూలన గోటితో గీకితే లేచి వస్తుంది.

ఒక వైపే చిప్‌లున్న స్టిక్‌తో ఇంకో చిక్కు. చిప్ ఎత్తు ఇంచుమించు 1 మి.మీ. కాబట్టి వెనక వైపు ప్యాడ్ ముందుదానికన్నా అంత మందంగా ఉండాలి. ముందు 0.5 మి.మీ. వేస్తే వెనక 1.5 మి.మీ. కిట్‌లో రెండూ ఒకే మందం ఇచ్చి ఊరుకుంటే పలకలు ఒక పక్కకి ఒరిగి, చిప్‌ల పై అంచు మాత్రమే తగులుతుంది. కొనేముందు ప్యాడ్ మందాలు విడివిడిగా రాశారో లేదో చూడండి. రాయకపోతే ఆ కిట్ వదిలేయడమే మేలు.

డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్ అయిన డీడీఆర్5 వచ్చాక ఇది మరీ ముఖ్యం. డీడీఆర్4లో మదర్‌బోర్డు చేసే వోల్టేజీ మార్పిడి డీడీఆర్5లో స్టిక్ మీదకే వచ్చేసింది. ఆ పని చేసే పీఎంఐసీ చిప్ స్టిక్ నడుమ ఉంటుంది, అదీ బాగా వేడెక్కుతుంది. డీడీఆర్4 కాలపు పలకల్లో దానికి ప్యాడ్ ఉండదు. పైగా పక్కనుండే కాయిల్స్ మెమరీ చిప్‌ల కన్నా ఎత్తుగా ఉంటే పలక ముందు వాటికే తగిలి, చిప్‌లకు ఎడమవుతుంది. వెర్నియర్ కాలిపర్స్‌తో ఎత్తులు కొలిచి, తేడాకు తగ్గ మెత్తటి ప్యాడ్ వేయాలి. స్టిక్ అంచుల్లోని బుల్లి కెపాసిటర్లకు లోహం తగిలే అవకాశముంటే మధ్యలో వేడికి తట్టుకునే, కరెంటు పారనివ్వని కాప్టన్ టేప్ అంటించండి, లేదంటే షార్ట్ అవుతుంది.

తప్పు ప్యాడ్‌దా, గాలిదా అన్నది ఇలా తేలుతుంది. డీడీఆర్5 స్టిక్‌లో సెన్సర్ ఉంటుంది, దాని అంకె కంప్యూటర్ భాగాల వేడి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో కనబడుతుంది. మెమరీ టెస్ట్ అరగంట నడిపి, ఆ అంకెనూ పలక వేడినీ పోల్చండి. సెన్సర్ వేడిగా, పలక చల్లగా ఉంటే ప్యాడ్ ఆనడం లేదు. పలక కూడా చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే ప్యాడ్ తన పని చేస్తోంది, వేడిని మోసుకుపోయే గాలే లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే పలక మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాన్నే కొలవండి. మెరిసే లోహం మీద అది అసలు కన్నా తక్కువ చూపిస్తుంది.

గాలి సంగతి చెప్పాలంటే, నాలుగు స్లాట్లలోనూ లావు పలకలు దిగితే వాటి మధ్య గాలి ఆడే సందే ఉండదు. అలాంటి చోట హీట్‌సింక్ లేని స్టిక్కే నయం. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి కూడా అటే వస్తుంది కనుక గేమ్ నడుస్తుండగా కూడా కొలవాలి. నెమ్మదిగా తిరిగే 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి ర్యామ్ వైపు తిప్పితే, ఖరీదైన కిట్ చేయలేనిది అది చేస్తుంది.

బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వోల్టేజీ కూడా సరిచూసుకోండి. డీడీఆర్5 మామూలుగా 1.1 వోల్టులు, ర్యామ్ వేగం పెంచడానికి ముందే రాసి ఉంచిన ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైల్స్ చాలావరకు 1.25 నుంచి 1.4 దాకా తీసుకెళ్తాయి. మెమరీ చిప్‌ల మామూలు పరిమితి 85 డిగ్రీలు. కానీ టైమింగ్స్ (మెమరీ స్పందనకిచ్చే వ్యవధులు) బాగా బిగించి, రిఫ్రెష్ విరామం (చిప్‌లోని డేటాను తిరగరాసే వ్యవధి) పెంచిన స్టిక్స్‌లో 55, 60 దగ్గరే ఎర్రర్లు మొదలుకావచ్చు.

పాత పలక పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, చిప్ టంకంతో సహా ఊడి వస్తుంది. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, నైలాన్ దారాన్ని రంపంలా ఆడిస్తూ జిగురు కోయండి. మిగిలిన జిగురు 90 శాతం పైబడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోతుంది. కంపెనీ పలక తీస్తే గ్యారంటీ పోవచ్చు, ముందే షరతులు చదవండి.

1.2 వోల్టుల మామూలు డీడీఆర్4కి ఈ కిట్ అనవసరం. వోల్టేజీ పెంచి నడిపే డీడీఆర్5కైతే, స్క్రూలతో బిగిసేది, పీఎంఐసీకి విడిగా ప్యాడ్ ఇచ్చేది మాత్రమే తీసుకోండి. క్లిప్పుల కిట్లకు మా ఓటు లేదు.